మందుకు పెట్టిన పేరు

రామమూర్తి మాస్టారికి ఒక జబ్బు ఉంది. ఏ మాట వినపడినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే ఊరుకోలేడు. దర్శి హైస్కూల్లో సైన్సు పాఠాలకు అది బాగానే పనికొచ్చింది. ఒంగోలు ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నం మాత్రం ఆయన నోరు మూసుకుని ఉండాల్సింది.

ఆయన చేను కౌలుకు చేసే గురునాథం, పత్తికి పురుగుమందు కొడుతూ సాళ్ల మధ్యే పడిపోయాడు. మాస్టారే జీపు మాట్లాడి, అతన్నీ భార్య కోటేశ్వరమ్మనీ ఎక్కించుకొచ్చాడు. గురునాథం నోట నురగ, ఛాతీలో గరగర. డాక్టర్ కామేశ్వరి సిరంజి తీసింది.

"ఏం మందండీ అది?" అంది కోటేశ్వరమ్మ.

"ఎట్రోపిన్."

అంతే, మాస్టారు అందుకున్నాడు. "గ్రీకు దేవత పేరమ్మా అది. ముగ్గురు అక్కచెల్లెళ్లు. ఒకతె మనిషి ఆయుష్షును దారంలా వడుకుతుంది, ఒకతె కొలుస్తుంది, మూడో ఆవిడ ఎట్రోపస్ తెంచేస్తుంది. ఓ విషపు మొక్కకి ఆవిడ పేరు పెట్టారు. ఆ మొక్కలోంచి తీసిందే ఈ మందు."

కోటేశ్వరమ్మ మొగుడి మీద అడ్డంగా పడింది. "ఆయుష్షు తెంచేదాన్ని ఆయన ఒంట్లోకి ఎక్కిస్తారా? నేనొప్పుకోను!"

"అది ఎక్కకపోతేనే పోతాడు, లే!" అని డాక్టరు అరిచింది. నర్సు రెక్క పట్టి లాగినా కోటేశ్వరమ్మ మంచం పట్టె వదల్లేదు. గురునాథం పెదాలు నీలంగా మారుతున్నాయి. పేరుదేముందమ్మా, ఒట్టి పేరే కదా అన్నాడు మాస్టారు. ఆ మాట ఆయన నోట ఎవరూ ఎన్నడూ వినలేదు. ఆమె నమ్మలేదు.

మాస్టారు మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. "కోటేశ్వరమ్మా, మీ పిల్లకి అమ్మవారు పోసినప్పుడు ఎవరికి మొక్కావు?"

"పోలేరమ్మకి."

"పోసిందీ ఆవిడేగా? తగ్గించిందీ ఆవిడేగా?"

ఆమె పట్టు కాస్త సడలింది. డాక్టరు ఆ సందులోనే సూది గుచ్చేసింది. "మళ్లీ మళ్లీ ఇస్తూనే ఉండాలి. బతుకుతాడని ఇప్పుడే చెప్పలేను."

కోటేశ్వరమ్మ చేతులు జోడించింది. "దారం తెంచే తల్లీ, చీర పెడతాను, కోడిని కోస్తాను, ఆయన్ని వదిలెయ్." ఆపైన మాస్టారి వైపు తిరిగింది. "మన మొర వింటుందా అండీ ఆవిడ?"

ఎట్రోపస్ అంటే ఎంత వేడుకున్నా మనసు మళ్లనిది అని అర్థం. అది మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది. గురునాథం ఛాతీలో గరగర ఇంకా తగ్గలేదు.

"వింటుందమ్మా" అని ఆయన కూడా చేతులు జోడించాడు.