వెలుగులకు కట్టిన ముడుపు

మా అవ్వ శంకరవ్వ, నన్ను కన్నతల్లి, దేవుణ్ణయినా దబాయించే మనిషి. కోడలి మీద బెంగ పట్టుకుంటే ఊరుకుంటుందా?

నా భార్య భవ్యశ్రీ దక్షిణ ధ్రువం దగ్గరి పరిశోధన కేంద్రానికి ఏడాది పని మీద వెళ్లింది. నేను సుల్తానాబాద్‌లో మరమగ్గాలు నడుపుకుంటున్నాను. ఆమె లేని ఇల్లు నాకేం బాగాలేదు, దాచడమెందుకు? ఒకనాడు ఫోనులో ఆమె తన పని చెప్పింది. అక్కడ చలికాలమంతా సూర్యుడు రాడు. సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాల వల్ల పైనున్న గాలిలో ఆకుపచ్చగా, ఎర్రగా వెలుగులు ఆడతాయి. ఆ తాకిడికి నత్రజని విరిగి, ప్రాణవాయువుతో కలిసి వేరే వాయువవుతుంది. అది ఆ చీకట్లో మెల్లగా కిందికి దిగి ఓజోన్‌ను కొంచెం కొంచెం తినేస్తుంది. ఎంత తింటుందో కొలవడమే ఆమె పని.

ఓజోన్ మనకు గొడుగని అవ్వ టీవీలో ఎప్పుడో విన్నది. ఇక చూడండి! ఎండే లేని చోట గొడుగెందుకని భవ్యశ్రీ నవ్వినా వినలేదు. కొండగట్టు హనుమంతుడి గుడికి పోయి, కోడలు వచ్చేదాకా ఆ వెలుగులు రావద్దని అంజన్నకు ముడుపు కట్టింది.

నిజంగానే రాలేదు. వారాలు గడిచాయి. భవ్యశ్రీ ఫోనులో ఏడ్చేసింది. సూర్యుడు తిరిగొచ్చేలోగా ఒక్క పెద్ద వెలుగైనా కొలవకపోతే తన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరేనంది. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు.

కట్టిన ముడుపును మొక్కు తీరకముందు విప్పకూడదు. అందుకని మళ్లీ కొండెక్కి, పాతదాని పక్కనే కొత్తది కట్టింది.

"స్వామీ, గా వెలుగులు రానియ్యి. తెలువక మొక్కిన. నా బిడ్డ ఏడ్వద్దు. దాని నెత్తి మీద మాత్రం నువ్వే జర చెయ్యి అడ్డం పెట్టు."

ఆటపట్టిద్దామని వెంట వెళ్లిన నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అంజన్న విన్నాడో, సూర్యుడే కణాలు చిమ్మాడో నాకు తెలియదు. ఆ వారంలోనే ఫోనులో వీడియో కాల్ వచ్చింది. భవ్యశ్రీ వెనక ఆకాశమంతా ఆకుపచ్చగా ఊగుతోంది. యంత్రాలన్నీ కొలుస్తున్నాయట. ఆమె నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!

అవ్వ ఆ వెలుగుల వైపు చూడనే లేదు. కొంగు తీసి ఫోను మీద, కోడలి తల కనిపించే చోట, కప్పి పట్టుకుంది. ఫోను కెమెరా కూడా ఆ కొంగు కిందికే పోయింది.

"అత్తమ్మా, నువ్వు కనవడ్తలేవు" అంది భవ్యశ్రీ.

"కనవడకుంటేమాయె బిడ్డా. నీ పని చేస్కో. అయ్యేదాంక గిట్లనే పట్టుకుంట."