మేస్త్రికి వినిపించని ఈల

ఆ వీధిలో కార్లకు స్టీరియోలు బిగించే షాపులు నాలుగున్నా, జనం అడుగుతూ వెతుక్కుంటూ వచ్చేది మేస్త్రి దగ్గరికే. ఇరవై ఆరేళ్ళుగా ఆయనకు అదే పని. కారు ఇంకా గేటు దాటకముందే, అద్దాలు మూసి ఉండగానే, "వెనక ఎడమ స్పీకరు చిరిగింది చూడు" అనేవాడు. తలుపు విప్పితే స్పీకరు కాగితం నిజంగానే చిరిగి ఉండేది. అలా ఆయనకు పాముచెవుల మేస్త్రి అని పేరు పడిపోయింది. ముందు గదిలో సీటు కవర్లు అమ్మే బావమరిది ఆ పేరును పాము బొమ్మతో సహా బోర్డు మీదకు ఎక్కించేవాడే. వచ్చే గిరాకీ కూడా ఆ బొమ్మ చూసి పారిపోతుందని వాళ్ళక్క, అంటే మేస్త్రి భార్య, అడ్డుపడింది.

ఒకరోజు పొద్దున్నే ఒకావిడ చిన్న తెల్ల కారులో వచ్చింది. అంబులెన్సులను పంపే కంట్రోల్ రూములో ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఆమెది.

"రోజుకు ఎనిమిది గంటలు ఏడుపులూ కేకలూ వింటానండి. ఇంటికెళ్ళడానికి ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంట నాకు మంచి పాట కావాలి. గట్టిగా అక్కర్లేదు. శుభ్రంగా వినపడితే చాలు. ఇందులో కంపెనీవాళ్ళిచ్చింది డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది."

మేస్త్రి విని చూశాడు. ఆవిడ చెప్పింది నిజమే. "స్టీరియో మాత్రం పీకొద్దమ్మా. వెనక కెమెరా, స్టీరింగు మీది బటన్లు అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. దాన్ని కదిలిస్తే కొరివితో తల గోక్కున్నట్టే. తల అదే ఉంచి గొంతు మారుద్దాం" అన్నాడు.

రెండు రోజులు పని చేశాడు. తలుపుల లోపలి అట్టలు విప్పి, ఎండుటాకుల్లా ఉన్న పాత స్పీకర్లు తీసేసి కొత్తవి పెట్టాడు. రేకు అదరకుండా లోపల మెత్తటి షీటు అతికించాడు. డ్రైవరు సీటు కింద యాంప్లిఫయరు పెట్టి, దానికి బ్యాటరీ నుంచి లావుపాటి ఎర్ర తీగ లాగాడు. కరెంటు తిరిగి వెళ్ళే నల్ల తీగను సీటు బోల్టు కింద బిగించాడు. పాట పెట్టగానే ఆవిడ కళ్ళు మూసుకుని, పాట అయ్యేదాకా తెరవలేదు. అంతకన్నా మేస్త్రికి కావాల్సిందేమీ లేదు.

పది రోజులకు ఆవిడ మళ్ళీ వచ్చింది.

"మేస్త్రి గారూ, ఈల వస్తోందండి."

"ఎప్పుడమ్మా?"

"యాక్సిలరేటరు తొక్కినప్పుడు. తొక్కేకొద్దీ గొంతు పెంచుతుంది. పాటకీ పాటకీ మధ్య కాస్త నిశ్శబ్దం ఉంటుంది చూడండి, అప్పుడు బాగా తెలుస్తుంది."

మేస్త్రి సీట్లో కూర్చుని, పాట ఆపి, ఇంజను రెండు మూడుసార్లు గట్టిగా తిప్పాడు. తల వంచి విన్నాడు. ఇంజను మోత తప్ప ఏమీ లేదు.

"ఇదిగో, ఇప్పుడు!" అందావిడ కిటికీ దగ్గర నిలబడి.

"ఏమీ లేదమ్మా. కొత్త స్పీకర్లు కదా, నాలుగు రోజులు పోతే సర్దుకుంటాయి." ఆ మాట ఆయన అబద్ధమని తెలిసి చెప్పింది కాదు. కొంతమంది గిరాకీలకు కొత్త వస్తువు కొంటే ఏదో ఒక వంక కనపడుతుంది. ఆవిడ కూడా ఆ కోవలోదే అనుకున్నాడు.

వారం తిరక్కుండా ఆవిడ మూడోసారి వచ్చింది. మధ్యాహ్నం భోజనం వేళ. మేస్త్రికి ఆకలిగానూ ఉంది, చిరాకుగానూ ఉంది. మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ తొక్కాడు, మళ్ళీ ఏమీ వినపడలేదు.

"అమ్మా, ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది. రోజంతా ఫోన్లు వినీ వినీ మీ చెవుల్లోనే మోత పుట్టి ఉంటుంది. ఒకసారి డాక్టరుకు చూపించుకోండి."

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. ఫోనులో కేకలేసేవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఆవిడ గొంతుకు ఆ నిదానం వచ్చేసినట్టుంది. "మాకు ఆరు నెలలకోసారి చెవుల పరీక్ష ఉంటుందండి. పోయిన నెలే అయింది. బాగున్నాయన్నారు" అంది.

అప్పుడే మేస్త్రి భార్య అన్నం క్యారేజీ పట్టుకుని లోపలికి వచ్చింది. కారు ఇంకా నడుస్తూనే ఉంది. మేస్త్రి కాలు యాక్సిలరేటరు మీదే ఉంది. ఆమె గుమ్మంలోనే ఆగి మొహం చిట్లించింది.

"ఏంటండీ ఆ ఈల? దోమ చెవిలో దూరినట్టు!"

మేస్త్రి కాలు తీసేశాడు.

"హమ్మయ్య, ఆగింది" అంది భార్య.

మేస్త్రి మొదట భార్య వేళాకోళమాడుతోందేమో అనుకున్నాడు. కానీ ఆమెకు ఈ గొడవ సంగతే తెలియదు. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆయన గొంతు సవరించుకుని, "మీరిద్దరూ అటు తిరిగి నిలబడండి. ఈల వినపడితే చెయ్యెత్తండి, ఆగితే దించండి" అన్నాడు. బావమరిదిని పిలిచి యాక్సిలరేటరు మీద కాలు పెట్టించాడు. తను వెనక సీటు దగ్గర నేల మీద బోర్లా పడుకుని, ముందు సీటు కిందకు చెయ్యి పోనిచ్చి, స్టీరియో నుంచి యాంప్లిఫయరుకు పాట తెచ్చే తీగలు ఊడలాగాడు. తిరిగి పెట్టాడు. మళ్ళీ లాగాడు. తలెత్తి చూస్తే ఇద్దరి చేతులూ ఒకే తాడుకు కట్టినట్టు కలిసి లేచాయి, కలిసి దిగాయి.

ఆయనకు మాత్రం తీగలు పెట్టినా ఒకటే, తీసినా ఒకటే.

నేల మీద అలాగే కొంతసేపు ఉండిపోయాడు. "ఏంటి బావా, నిద్రపోయావా?" అన్నాడు బావమరిది.

లేచి, సొరుగు అడుగు నుంచి మీటరు తీశాడు. దాని మీద దుమ్ము మందంగా పేరుకుంది. చెవి ఉండగా మీటరు దేనికని ఏళ్ళ తరబడి దాన్ని ముట్టుకోలేదు. పాట నడుస్తుండగా నల్ల తీగ చివరకూ బ్యాటరీకీ మధ్య కొలిచాడు. సున్నా దగ్గర ఉండాల్సిన అంకె అర వోల్టు దగ్గర కూర్చుంది. సీటు బోల్టు విప్పాడు. దాని కింద కంపెనీ వేసిన రంగు పొర చెక్కుచెదరకుండా నిగనిగలాడుతోంది. రంగు కరెంటును సరిగా పోనివ్వదు; దాన్ని గీకి, రేకు తేలాక బిగించాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. తొందరలో గీకలేదు. ఇదివరకైతే, గీకకపోయినా, కారు బయటికి వెళ్ళేలోపే చెవి పట్టేసేది.

వేరేచోట రేకును తెల్లగా గీకి, పొట్టి లావు తీగతో గట్టిగా బిగించాడు. ఇంజను తిప్పించాడు.

"తగ్గింది. పూర్తిగా పోలేదు" అంది భార్య.

అప్పుడు తలుపు కింది పట్టీ ఎత్తి చూశాడు. కరెంటు తీగా, పాట తీగా పక్కపక్కనే ఒకే దారిలో ఉన్నాయి. అదీ తన చేతిపనే. పాట తీగను తీసి కారుకు అవతలి వైపు నుంచి తిప్పాడు. ఈసారి ఇద్దరూ చేతులు ఎత్తలేదు. ఆవిడ వచ్చి సీట్లో కూర్చుని తనే తొక్కి చూసుకుంది. ఆవిడ భుజాలు కిందికి జారి తేలికపడటం మేస్త్రి చూశాడు. ఈల పోయిందన్న సంగతి ఆయనకు తెలిసింది ఆ భుజాల వల్లనే.

"తప్పు నాదేనమ్మా. రంగు గీకకుండా బోల్టు బిగించాను. తీగ కూడా సరైన దారిన వెయ్యలేదు" అన్నాడు.

ఆవిడ తాళం చేతిలో పెట్టుకుని కూడా కదల్లేదు. "మాకు ఫోను చేసేవాళ్ళు అసలు సంగతి చివర్న చెబుతారండి. ముందు అడ్రసు చెబుతారు, వయసు చెబుతారు, ఆ తర్వాత ఊపిరాడటం లేదంటారు. మీరు కూడా ఇంకా ఏదో చెప్పాలనుకుంటున్నారు."

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు. "ఆ ఈల నాకు వినపడలేదమ్మా. ఒక్కసారి కూడా."

ఆవిడ తమకు పరీక్షలు చేసే డాక్టరు పేరూ నంబరూ కాగితం మీద రాసిచ్చి వెళ్ళింది.

కారు వీధి మలుపు తిరిగిందో లేదో, బావమరిది మేస్త్రి దగ్గరికి వచ్చాడు. "బావా, ఈ మాట గడప దాటకూడదు. కళ్ళు కనపడని దర్జీకి ఎవడైనా గుడ్డ ఇస్తాడా?"

"నువ్వు కాసేపు నోరు మూసుకోరా" అంది వాళ్ళక్క. క్యారేజీ అలాగే చల్లారిపోయింది.

డాక్టరు దగ్గరికి భార్య కూడా వెంట వెళ్ళింది. అక్కడ మేస్త్రిని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వినపడినప్పుడల్లా బటను నొక్కమన్నారు. మొదట్లో మేస్త్రి చకచకా నొక్కాడు. తర్వాత శబ్దాలు సన్నబడ్డాయి. ఆ తర్వాత అసలు రాలేదు. ఒక నిమిషం చూసి, అద్దానికి అవతల ఉన్న అమ్మాయికి చేత్తో సైగ చేశాడు.

"మిషను ఆగిపోయినట్టుందమ్మా."

"లేదండీ. నడుస్తూనే ఉంది" అంది ఆ అమ్మాయి.

డాక్టరు కాగితం మీద చెవికొక గీత చూపించాడు. రెండూ సగం దూరం బల్లపరుపుగా వెళ్ళి, సన్నటి శబ్దాల దగ్గర గోడ దిగినట్టు దిగిపోయాయి. పెద్ద శబ్దాల మధ్య పనిచేస్తారా అని అడిగాడు. మేస్త్రి చెప్పాడు. డిక్కీలో పెద్ద పెద్ద స్పీకరు డబ్బాలు పెట్టించుకునే కుర్రకారు కోసం, లోపల తల పెట్టి, గుండె అదిరే మోతలో గంటల తరబడి సర్దడం. ఇరవై ఆరేళ్ళు.

"పోయింది తిరిగి రాదండి. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు తేటపడతాయి. మోతలో తల పెట్టడం మాత్రం మానెయ్యాలి" అన్నాడు డాక్టరు.

ఇంటికి ఇద్దరూ నడిచే వెళ్ళారు. మేస్త్రి తన పని గురించే ఆలోచిస్తున్నాడు. భార్య మాత్రం దాని గురించి ఆలోచించడం లేదని తర్వాత తెలిసింది.

"వంటింట్లోంచి పిలిస్తే పలికేవారు కాదు మీరు" అంది. "రెండేళ్ళుగా. ఒకటికి నాలుగుసార్లు పిలిచేదాన్ని. ఇన్నేళ్ళు కాపురం చేశాక నా మాటంటే లెక్కలేకుండా పోయిందనుకున్నా. సరేలే, వినని మనిషికి చెప్పడమెందుకని మానేశా."

మేస్త్రి ఆగిపోయాడు. "నువ్వే మాట్లాడ్డం తగ్గించావనుకున్నా నేను. నా మీద ఏదో మనసులో పెట్టుకున్నావు, అడిగితే గొడవవుతుందని ఊరుకున్నా."

"అడగాల్సింది."

"నువ్వూ చెప్పాల్సింది."

ఇద్దరికీ ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. రెండేళ్ళంటే తక్కువ కాలమేమీ కాదు. పక్క నుంచి ఒక బస్సు పెద్ద హారన్ కొట్టుకుంటూ పోయింది. "అది వినపడిందా?" అంది ఆమె. "అది పాతాళంలో ఉన్నవాడికి కూడా వినపడుతుంది" అన్నాడు. ఆమె ఆయనకు ఎడమ పక్కగా నడుస్తున్నది కాస్తా కుడి పక్కకు మారింది. డాక్టరు చూపించిన గీతల్లో కుడి చెవి గీత కొంచెం మెరుగు.

మర్నాడు మేస్త్రి షాపు తెరవగానే పనుల పుస్తకం తీసి, రెండేళ్ళ వెనక్కి వెళ్ళి, ఒక్కొక్క ఫోను నంబరు గుర్తుపెట్టడం మొదలుపెట్టాడు. ఆ తెల్ల కారు ఒక్కదానిలోనే తప్పు చేసి ఉంటాననుకోవడం తనను తాను మోసం చేసుకోవడమే అనిపించింది. ఫోన్లు చేసి, కారు ఒకసారి తీసుకొస్తే ఊరికే చూసి పెడతానన్నాడు. ఎందుకని అడిగినవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పాడు. బావమరిది తల పట్టుకున్నాడు.

కొందరు నవ్వారు. కొందరు ఇక ఈ షాపు గడప తొక్కలేదు. ఒకతను మాత్రం, "ఆ ఈల మొదటి రోజు నుంచీ ఉందండి, ఈ కారు జాతే అంతేమో అనుకున్నా" అన్నాడు. వచ్చిన పద్నాలుగు కార్లలో మూడింటికి తప్పు దొరికింది. మేస్త్రి మీటరుతో కొలిచేవాడు. భార్య రోజూ ఒక గంట వచ్చి సీట్లో కూర్చుని వినేది. డిక్కీలో డబ్బాల పని ఒప్పుకోవడం మానేశాడు. గిరాకీ కొంత పల్చబడింది గానీ, షాపు మూతపడలేదు.

పదిహేనోది సామాన్లు మోసే వ్యాను. దాని డ్రైవరు మేస్త్రి కంటే నాలుగైదేళ్ళు పెద్ద, ముప్పై ఏళ్ళుగా బండి మీదే బతుకుతున్నవాడు. మీటరులో అంకె ఎక్కువగా చూపించింది. భార్య డ్రైవరు పక్క సీట్లో కూర్చుని వింది.

"ఉంది. గట్టిగానే ఉంది" అంది.

"ఏది?" అన్నాడు డ్రైవరు.

"ఈలండీ. ఇదిగో, మీరు తొక్కుతుంటే పెరుగుతోంది."

డ్రైవరు ఇంకోసారి తొక్కాడు. తల పక్కకు వంచాడు. "ఏమీ లేదమ్మా. రోజూ ఈ బండిలోనే ఉంటా, నాకు తెలీదా? మీకు భ్రమగానీ."

మేస్త్రి భార్య మేస్త్రి వంక చూసింది. మేస్త్రి ఇంజను ఆపించాడు. వ్యాను మెట్టు మీద, డ్రైవరు మొహానికి ఎదురుగా కూర్చుని, "అన్నా, తీగ సంగతి పది నిమిషాల్లో చూసేస్తా. ముందు ఒక మాట. ఇంట్లో మీ ఆవిడ పిలిస్తే వినపడుతోందా?" అన్నాడు.

డ్రైవరు నవ్వబోయి ఆగాడు. మేస్త్రి తొందరపెట్టలేదు.