మంచినీళ్ళ సీసా

మూత గట్టిగా బిగించానో లేదో, పొద్దున శాలిని బ్యాగులో పెట్టిన మంచినీళ్ళ సీసా, కారితే లాప్‌టాప్ మీద పడుతుంది, షాక్ కొడుతుంది, కొట్టదు మమ్మీ అంటుంది గాని కొట్టినవాళ్ళు తిరిగొచ్చి చెబుతారా, అయినా కంపెనీకి వెళ్ళేదానికి ఇంటినుంచి నీళ్ళెందుకే, అక్కడ మనుషులు బతకట్లేదా అంటే, మనం ఎవరిని తనిఖీ చేస్తామో వాళ్ళ నీళ్ళు కూడా ముట్టకూడదు, ఇవాళ టీ అంటారు, రేపు భోజనం అంటారు అంది, అలిగిన వియ్యపురాలిలా వెళ్తున్నావన్నమాట అన్నాను, నవ్వింది, ఈ ఉల్లిపాయలు ఇంకా సగం కూడా కాలేదు, సాయంత్రం కృతజ్ఞత కూటానికి చర్చి సంఘమంతా వస్తుంది, షామియానా వాడు సందుకి అడ్డంగా గుంజ పాతాడు, తోపుడుబండి వాడు తిడుతున్నాడు, ఆ గుంజ ఏ పిల్లాడి నెత్తినో పడకుండా కాపాడు తండ్రీ.

కంపెనీలు ఏం కాల్చాయో, గాలిలోకి ఎంత వదిలాయో అవే రాసుకుంటాయట, అది చూసి పైదేశాల వాళ్ళు సరుకు కొంటారట, రాసింది నిజమేనని ఆ కంపెనీతో ఏ చుట్టరికమూ లేనివాళ్ళు వెళ్ళి చూసి సంతకం పెట్టాలట, ఆ సంతకం నా కూతురిది, ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటు పొగగొట్టాలు మన వన్ టౌన్ మేడ మీదికే కనపడతాయి కదే, పొగకి సంతకమెందుకు అంటే, కనపడే పొగ కాదు మమ్మీ, కనపడనిదాన్నే లెక్కగడతాం అంది, నేను ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని, నాకు తెలిసిన కనపడనిది భయమొక్కటే, బాయిలరు పేలుతుందని, మెట్ల మీద కాలు జారుతుందని, పోయినవారమైతే మరీ, తవుడు నూనె తీసే కంపెనీ ఒకటి బాయిలర్లో వరి ఊక మాత్రమే కాలుస్తున్నామని రాసిందట, ఊక పొగ లెక్కలోకి రాదట, బొగ్గుదైతే వస్తుందట, ఇది వెనకవైపుకి వెళ్ళి పట్టా ఎత్తి చూస్తే కింద బొగ్గు, కొండంత గుట్ట, ఎవరికి చెప్పావే అంటే, చెప్పడమేంటి రాస్తాను అంది, ఏ కంపెనీయో పేరు చెప్పదు, అది కూడా రూలేనట, అడిగితే ఎక్కడ నోరు జారతానోనని నేనూ అడగలేదు.

తమ్ముడు డేనియల్ ఉద్యోగం మాట దీనికి చెప్పలేదు కదా, సాయంత్రం కూటంలో లేచి దేవుడు చేసిన మేలు చెబుతాను చూడు, ఆ సాక్ష్యంలోనే తెలియాలి, ముందే బయటపడితే కుదిరింది కుదరకుండా పోతుందని నా భయం, సోమవారం చేరాడు, చేరిన రోజే చెవిలో చెప్పాను, అక్కకి కూడా అనకురా, కూటం అయ్యేదాకా ఓపిక పట్టు అని, డిగ్రీ అయ్యి ఊరికే తిరుగుతున్నవాడు, వాడి కోసం ఎన్ని ఉపవాసాలు, సంఘపెద్ద ఆమోసన్నయ్య తనే ఇంటికొచ్చి చెల్లెమ్మా, మా కంపెనీ స్టోర్స్‌లో మీవాడికి చోటుంది అన్నప్పుడు ఈ గడప మీదే కూలబడి ఏడ్చాను, అయ్యో, గేటు చప్పుడు, ఇప్పుడు శాలిని రావడమేంటి, పడిందా, కాలు బాగానే ఉంది, చెయ్యి బాగానే ఉంది, ముఖమే లేదు.

ఏమైందే, ఎవరన్నా ఏమన్నా అన్నారా అంటే చెప్పుల్తోనే లోపలికొచ్చి, మమ్మీ, తమ్ముడు ఎక్కడ చేరాడు అంది, చెప్పాను, ఆమోసన్నయ్య వాళ్ళ కంపెనీ అని, నూనె కంపెనీ అని, అంటుండగానే ఆ బొగ్గు గుట్ట గుర్తొచ్చింది, ఆ కంపెనీయేనట, వాళ్ళే దీని ఆఫీసుకి మెయిల్ పెట్టారట, మీరు పంపిన అమ్మాయి సొంత తమ్ముడు మా ఉద్యోగి, ఇలాంటి తనిఖీకి విలువేముంటుందండీ అని, ఎంత నీతిగా రాశారో చూడు మమ్మీ, నన్ను పక్కన పెట్టేశారు, నేను రాసిన బొగ్గు ఇక లెక్కలోకి రాదు, మళ్ళీ మొదట్నుంచి వేరేవాళ్ళు వస్తారు, అప్పటికి ఆ పట్టా కింద ఊకే ఉంటుంది, వాడిని ఈ క్షణమే మానిపిస్తానే అన్నాను, మానినా ఇక ఆ గేటు లోపలికి నన్ను పంపరు, ఒకే ఇంట్లో ఉంటూ తమ్ముడి ఉద్యోగం నీకు తెలియదా అని సార్ అడిగారు, తెలియదన్నాను, నవ్వారు, నా ఉద్యోగం ఉంటుందో లేదో సోమవారం చెబుతారట అంది, ఇంత జరిగినా అది నన్ను తిట్టలేదు, తిడితే బాగుండును.

బయట ఆమోసన్నయ్య గొంతు, చెల్లెమ్మా, కుర్చీలు చాలతాయా, మా మేనేజరుగారు కూడా వస్తానన్నారు, సాక్ష్యం నువ్వే చెప్పాలి సుమా అని, అన్నయ్యా, మావాడి సంగతి వాళ్ళకి నువ్వు చెప్పావా అని అడిగాను, నేనెక్కడ చెప్పానమ్మా, వాళ్ళే పిలిచి మీ చర్చిలో శాలిని అనే అమ్మాయి ఉందటగా, వాళ్ళింట్లో చదువుకున్న కుర్రాడెవరైనా ఉన్నాడా అన్నారు, ఇది దేవుడి కార్యం కాకపోతే ఏంటి చెల్లెమ్మా అని అమాయకంగా నవ్వుతున్నాడు, పాపం అతనికేం తెలుసు, షాక్‌కి భయపడ్డాను, బాయిలరుకి భయపడ్డాను, గుంజకి కూడా భయపడ్డాను, గడప దాకా నడిచొచ్చిన మంచికబురుకి మాత్రం భయపడలేదు, శాలిని బ్యాగులోంచి సీసా తీశాను, మూత గట్టిగానే బిగించాను, ఒక్క చుక్క కారలేదు, నా కూతురి చేత గుక్కెడు తాగించలేనివాళ్ళు కొడుకు ఉద్యోగమంటూ నాకు పోశారు, నేను కళ్ళు మూసుకుని, స్తోత్రం అని, గ్లాసెడూ తాగేశాను.