రెండు హాట్‌స్పాట్ డబ్బాలు

ఎల్లస్వామి నల్ల డబ్బాను రుమాలుతో తుడిచి మట్టిగడ్డ మీద పెట్టాడు. తెల్లదాన్ని అంగీ జేబులో వేసుకున్నాడు. ఎడమ దవడ ఇంకా వాచే ఉంది. నిన్న కూలీల్లో మల్లప్ప కొట్టిన దెబ్బ అది.

అమ్రాబాద్ గుట్టల్లో కందకాలు తవ్వే ఉపాధి హామీ కూలీలకు అతను మేటు, హాజరు వేసేవాడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం నాలుగులోపల ఇంకోసారి, అందరినీ నిలబెట్టి ఫొటో తీసి యాప్‌లో పంపాలి. పోకపోతే ఆ రోజు కూలి గంగలో కలిసినట్టే. నిన్న సిగ్నల్ లేక పోలేదు. ముప్పై రెండు మంది కష్టం మట్టిపాలైంది. కోపం తీర్చుకోవడానికి మెత్తటి మనిషి దొరికితే ఎవరు మాత్రం వదులుతారు?

ఆ వాచిన దవడతోనే నిన్న సాయంత్రం అచ్చంపేట పోయాడు. ఒక్కరోజు వాడి చూసి ఒకటి వాపస్ ఇస్తానని దుకాణంవాణ్ని బతిమాలి, ఈ రెండు హాట్‌స్పాట్ డబ్బాలు తెచ్చాడు. దేనికీ నెలనెలా బిల్లు లేదు, ఒప్పందం లేదు. సిమ్ము వేసి రీఛార్జ్ చేస్తే చాలు. పొద్దున్నే రెండూ పెట్టి చూస్తే, నల్లది కందకం దగ్గరే సిగ్నల్ పట్టింది గానీ డేటా కొంచెమే. తెల్లదానికి డేటా బోలెడు, పట్టేది మాత్రం పైగుట్ట కొన మీదే. యాభై నాలుగేళ్ల మోకాళ్లు నల్లదానికే ఓటేశాయి. పొద్దుటి ఫొటో చిటికెలో పోయింది.

"పెద్దనాయినా, జర పాస్‌వర్డ్ చెప్పవా?" అంది ప్రవళిక, పక్కింటి పిల్ల.

అడిగితే లేదనడం అతనికి చేతకాదు. ఆమెకు చెప్పాడు, ఆమె వెనకున్న నలుగురికీ చెప్పాడు, చివరికి మల్లప్పకూ చెప్పాడు. బువ్వ వేళకు కందకం పొడుగునా వీడియోల మోత.

మూడున్నరకు అందరినీ నిలబెట్టి ఫొటో తీశాడు. అది కదల్లేదు. నల్ల డబ్బాలో డేటా అయిపోయింది.

"మల్లన్నా, గుట్టెక్కి పంపిస్త. జర ఆగు."

"నిన్న గూడ గిట్లనే అంటివి గదరా! మళ్ల మా కడుపు కొడ్తవా?"

మల్లప్ప పార తిరగేసి కర్రతో చెవి వెనక కొట్టాడు. పడినవాణ్ని ఇంకెవరో డొక్కలో తన్నారు. ఒకడు జుట్టు పట్టి ఈడ్చాడు. మల్లప్ప మళ్లీ పార ఎత్తి నల్ల డబ్బాను ముక్కలు చేశాడు. గట్టు మీద మల్లప్ప ఫోన్‌లోనే కుస్తీ వీడియో సగంలో ఆగి ఉంది. డేటా తాగిందెవరని ఎవరూ అడగలేదు. తన్నేటప్పుడు అలాంటివి అడగరు.

ఎల్లస్వామి లేచాడు. నెత్తురు ఉమ్మి, గుట్టవైపు నడిచాడు. ప్రవళిక ఏడుస్తూ వెంటపోయింది. కొన మీద రాయికి ఆనుకుని కూర్చుని తెల్లదాన్ని ఆన్ చేశాడు.

"చూడు బిడ్డా, పోయిందా? కండ్లు మసకయితున్నయ్."

"పోయింది పెద్దనాయినా! అందరి హాజరు పడ్డది!"

"మల్లన్నకు చెప్పు. పాపం, ఫికర్ జేస్తుంటడు."

ఆమె కిందికి కేకేసింది. కింద ఈలలు, చప్పట్లు. వెనక్కి తిరిగేసరికి అతని తల ఛాతీ మీదికి వాలి ఉంది. ఎంత పిలిచినా పలకలేదు. ఊపిరి లేదు.

చీకటి పడకముందే అందరూ అతన్ని ఊళ్లోకి మోసుకుపోయారు, మల్లప్ప కూడా ఒక భుజం పట్టాడు. దవడ నొప్పికి నమలలేక ఎల్లస్వామి మధ్యాహ్నం విప్పని సద్దిమూట కందకం పక్క తునికి చెట్టు కొమ్మకు, వేసిన ముడి వేసినట్టే, వేలాడుతోంది.