ఓబులేసుకు నిద్ర పట్టని పరుపు

నేను ఒక పరుపును. అలాగని ఇంట్లో మంచం మీద హాయిగా పడి ఉండే పరుపునని అనుకోకండి. చక్రాల మీద తిరిగే ఇల్లొకటి ఉంటుంది, కారవాన్ అంటారు. లోపలే పొయ్యి, లోపలే స్నానాల గది, కిటికీ కింద పొడుగాటి చెక్క సీటు, వెనకవైపు అడ్డంగా ఒక మంచం. ఆ మంచం మీద నేను. మనుషులకు ఉన్నచోట కుదురుండదు, వెళ్లినచోట ఇల్లు గుర్తొస్తుంది. ఈ రెండు జబ్బులకూ ఒకే మందు అనుకుని ఇంటికి చక్రాలు బిగించుకున్నారు. మందు పనిచేసిందో లేదో నన్నడగండి. వాళ్లు పొర్లిందంతా నామీదే కదా.

కొబ్బరి పీచును రబ్బరు పాలతో తడిపి, అచ్చులో అదిమి, ఆవిరి పట్టి నన్ను తయారుచేశారు. పైన పలచటి స్పాంజి, దానిమీద పూల గుడ్డ, దానిమీద ప్లాస్టిక్ కవరు. బండి కట్టే షెడ్డులో వెనక గోడ ఇంకా బిగించకముందే నన్ను మంచం మీదికి తోసేశారు. తర్వాత గోడ మూశారు. బండికి ఉన్న తలుపు చూస్తే మనిషి ఒక్కడు పక్కకు తిరిగి దూరేంత. నేనేమో వంగే రకం కాదు. రేపు ఈ పరుపు బయటికి ఎలా వస్తుందని ఆ షెడ్డులో ఒక్కరూ అనుకోలేదు. నేను అనుకున్నాను గానీ నా మాట ఎవరికి కావాలి?

నా మొదటి యజమాని ఒక ట్రావెల్స్ ఆయన. బండిని అద్దెకు తిప్పేవాడు. ఎక్కినవాళ్లందరికీ ఆయన చెప్పే మాట ఒక్కటే, పరుపు మీది కవరు చింపొద్దు. కొత్త దంపతులు ఎక్కి రోజంతా ఫొటోలు దిగి, మనసు మార్చుకుని హోటల్లో పడుకున్నారు. జనం మధ్యే ఉంటానని మైకులో ఒట్టేసిన ఒక నాయకుడు మధ్యాహ్నాలు నామీద పడుకుని ఏసీ వేసుకునేవాడు. ఎవరు దొర్లినా కవరు చిటపటలాడేది, వీపు చెమటతో అంటుకుపోయేది. ఒక్కరూ స్థిమితంగా పడుకున్న పాపాన పోలేదు. నాకూ అదే అలవాటైపోయింది.

ఆ తర్వాత బండి ఓబులేసు చేతికి వచ్చింది. గుంతకల్లులో గూడ్సు రైళ్లు నడిపి రిటైరైన డ్రైవరు ఆయన. భార్య ఈశ్వరమ్మ. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఏ వేళలోనో డ్యూటీకి పోయి, ఏ వేళలోనో తిరిగొచ్చేవాడు. వచ్చేటప్పుడు ఇంటికి ఊళ్ల పేర్లు మాత్రం తెచ్చేవాడు. వాడి జంక్షను, రేణిగుంట, హోస్పేట. నల్లమల సొరంగం దాటితే లోకం కడిగినట్టు ఉంటుందని చెప్పేవాడు. ఆమె చపాతీలు కాలుస్తూ వినేది. పిల్లల్ని బడికి దింపడం, అత్తను ఆసుపత్రికి తీసుకెళ్లడం, అన్నిటికీ పాత కారు ఆమే తోలుకునేది. పిల్లలు ఎవరి ఉద్యోగాల్లో వాళ్లు కుదురుకున్నాక, "నువ్వు చెప్పిన ఊర్లన్నీ నేనూ సూడాల. ఆడికి ఆగేది లేదు, సముద్రం ఒడ్డెంబడి దారి ఉన్నంత దూరం పోవాల" అంది. ఆమె జీవితంలో నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అందుకే ఆయన బండి కొన్నాడు.

రైలింజనులో ఒక పద్ధతి ఉందట. సిగ్నల్ కనిపించినప్పుడల్లా డ్రైవరూ అసిస్టెంటూ దాన్ని ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. ఓబులేసు ఆ పద్ధతిని కారవాన్‌లోకీ తెచ్చాడు. స్టీరింగు పట్టుకుని "సిగ్నలేంది?" అని అరిచేవాడు. పక్క సీట్లో ఈశ్వరమ్మ రోడ్డు అటూ ఇటూ చూసి "క్లియర్!" అనాలి. అనందే బండి కదలదు. మొదట్లో పెట్రోలు బంకులో కుర్రాళ్లు నవ్వుతుంటే ఆమె సిగ్గుపడి గొణిగేది. నాలుగు ఊళ్లు దాటేసరికి ఆయనకంటే గట్టిగా అరవడం మొదలుపెట్టింది.

పగలంతా బాగానే ఉండేది. పడుకునే వేళకే తంటా. ఈశ్వరమ్మకు ఉత్తరం వైపు తల పెట్టి పడుకోవడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఇంట్లో అయితే మంచం ఒకసారి వేస్తే సరిపోయేది. ఇక్కడ ఇల్లే రోజుకో వైపు తిరిగి ఆగుతుంది. ఓబులేసు ఫోనులో దిక్కుల ముల్లు చూసి తలగడలు ఇటునుంచి అటు మార్చేవాడు. మార్చాక కాళ్లు స్నానాల గది తలుపుకు తగిలేవి. ఒక్కోసారి బండినే వెనక్కీ ముందుకీ నడిపి దిక్కు కుదిర్చేవాడు. ఆ తర్వాత పడుకుంటే కవరు చిటపట.

"ఆ కవరు పీకి పారెయ్ గూడదా?" అనేది ఈశ్వరమ్మ.

"మాసిపోతాదిమ్మే. కొత్తది కొత్త మాదిరే ఉండాల" అనేవాడాయన. అప్పటికి నా వయసు చూస్తే నాకే నవ్వొచ్చేది.

ఈశ్వరమ్మ మాత్రం ఆ చిటపటల మధ్యే నిద్రపోయేది. ఆయన పోయేవాడు కాదు. అసలు సంగతి నాకు తెలుసు. రైల్వేలో డ్యూటీ పడితే ఒక మనిషి వచ్చి ఇంటి తలుపు కొట్టి లేపుతాడట. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఓబులేసు ఆ తట్టుడు కోసం ఒక చెవి తలుపు వైపు వేసే పడుకున్నాడు. రిటైరయ్యాక ఇక ఎవరూ కొట్టరని ఆయన మనసుకు తెలుసు, ఒంటికి తెలియదు. ఊరి అవతల చడీచప్పుడూ లేనిచోట బండి ఆపితే మరీ కష్టం. ఒళ్లంతా బిగబట్టుకుని ఎదురుచూసేవాడు. ఆ ఎదురుచూపు నా పీచుకు తగిలేది. చెప్పడానికి నాకు నోరు లేదు, నింద మొయ్యడానికి మాత్రం కావలసినంత ఒళ్లుంది. "ఈ పరుపు బండరాయి" అనేవాడు పొద్దున్నే. నాకు కోపం వచ్చేది. నిజంగా వచ్చేది.

నల్లమల ఘాట్‌లో ఒక మలుపు దగ్గర, పట్టపగలు, స్టీరింగు మీదే ఆయనకు కన్ను మూతపడింది. బండి వెళ్లి రోడ్డు వారన ఉన్న పిట్టగోడను రాసుకుంది. ఈశ్వరమ్మ కేకేసి స్టీరింగు ఇవతలికి లాగింది. బండి ఆగింది. గోడకు అవతల లోయ. ఓబులేసు దిగి, గీతలు పడిన రేకును తడిమి, రోడ్డు మీదే చతికిలబడ్డాడు. ఉద్యోగంలో ఒక్క ఎర్ర సిగ్నలు కూడా దాటని మనిషి ఆయన.

"ఇంక చాలు. బండి అమ్మేద్దాం. నిన్ను సంపుకోలేను" అన్నాడు.

ఈశ్వరమ్మ కళ్లనిండా నీళ్లు. సముద్రం ఇంకా చాలా దూరంలో ఉంది.

"ముందు ఆ పరుపు మార్చి సూద్దాం. అప్పటికీ నీకు నిద్ర పట్టకపోతే అమ్మేద్దువు. నేను మారు మాట్లాడను" అంది చివరికి.

అలా నా తలరాత ఖాయమైంది. ఆగి ఆగి, మెల్లగా ఘాట్ దిగాక, గిద్దలూరు పొలిమేరలో 'పరుపులు, దిండ్లు కుట్టబడును' అని బోర్డు కనిపించింది. వేపచెట్టు నీడలో పెద్ద వాకిలి, ఒక పక్క దూది గుట్ట. ఆ ఇంటావిడ కాశింబీ, దూదేకులామె. ఆమె ఆడబిడ్డ మస్తానమ్మ సాయం చేస్తుంది. కాశింబీ బండెక్కి నన్ను ఒక గుద్దు గుద్ది చూసింది.

"ఏందక్కా, ఇంకా కవరు గూడా తీయలేదే! దీనిమీద మనుషులు పండుకుంటారా?" అంది. ఈశ్వరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన వేపచెట్టు వైపు చూశాడు.

మంచం కొలత తీసుకున్నారు. తర్వాత నన్ను బయటికి లాగబోతే నేను తలుపులో పట్టలేదు. నిలువుగా తిప్పారు, అడ్డంగా తిప్పారు, మస్తానమ్మ లోపలినుంచి నెట్టింది, ఓబులేసు బయటినుంచి లాగాడు. చివరికి కాశింబీ రంపపు కత్తి తెచ్చింది. ముందు కవరు చీల్చింది. పుట్టిన తర్వాత మొదటిసారి నా ఒంటికి గాలి తగిలింది. ఆ సుఖం అనుభవించే లోపే కత్తి నా నడిమధ్య నిలువునా దిగింది. నొప్పి సంగతి ఏం చెప్పను, పీచుకు ఉండేంత ఉంది. రెండు సగాలుగా బయటికొచ్చి వేపచెట్టు కింద పడ్డాను. నా పని అయిపోయిందనుకున్నాను.

దూది ఏకే మిషను పెడదామంటే కరెంటు లేదు. కాశింబీ అటక మీంచి పాత విల్లు దింపింది. నారి మీద కొయ్య సుత్తి దెబ్బ పడగానే టుంగు టుంగుమంటూ దూది లేవడం మొదలైంది. మస్తానమ్మ కోళ్లను అదిలిస్తోంది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. నిలబడి నిలబడి కాళ్లు లాగాయేమో, ఓబులేసు వచ్చి నా సగం మీద కూర్చున్నాడు. రైలు బెర్తంత వెడల్పు ఉన్నాను అప్పుడు. కాసేపటికి ఒరిగాడు. ఇంకాసేపటికి ఆయన ఒంట్లో బిగువు ఒక్కొక్కటే వదలడం నాకు తెలిసింది. చుట్టూ ఎవరో మేలుకుని ఉన్నారు, ఎవరి పని వాళ్లు చేస్తున్నారు, తలుపన్నది లేదు. ఆయన గురక పెట్టాడు. ఇన్నాళ్లూ బండరాయి అని తిట్టిన నామీదే.

టీ తీసుకొచ్చిన ఈశ్వరమ్మ చూసి నిలబడిపోయింది. ముందు ఆమె ముఖం విచ్చుకుంది. వెంటనే వాలిపోయింది.

"అయ్యో, తల ఉత్తరానికి పెట్టినాడే!"

"లేపొద్దక్కా, ఎన్నాళ్లకు పండుకున్నాడో" అంది కాశింబీ.

"లేపకపోతే ఎట్లమ్మా? ఉత్తరం తల!"

కాశింబీ విల్లు పక్కన పెట్టింది. "మనిషిని లేపడమెందుకు, పరుపును తిప్పుదాం" అంది.

ముగ్గురు ఆడవాళ్లూ కొంగులు బిగించి నా అంచులు పట్టుకున్నారు. తూర్పుకు తల తిప్పబోయింది ఈశ్వరమ్మ. ఈసారి కాశింబీ ఆపింది. "కాళ్లు పడమరకొస్తాయి గదక్కా, అది మేం నమాజు చేసే దిక్కు, మా వాకిట్లో పడమరకు కాళ్లు పెట్టనియ్యం" అంది. అలా ఆలోచించి ఆలోచించి, ఇద్దరికీ పేచీ లేనిది దక్షిణం ఒక్కటేనని తేల్చారు. అంటే పూర్తిగా అటునుంచి ఇటు తిప్పాలి. మట్టి మీద నన్ను జరుపుతున్నారు, ఆపుతున్నారు, నవ్వు ఆపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంటున్నారు, మళ్లీ జరుపుతున్నారు. ఆయన లేస్తాడని నాకు భయం. లేవలేదు సరికదా, కదిలిన కొద్దీ గురక ఇంకా లోతుగా దిగింది.

ఈశ్వరమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. మొగుడి ముఖం చూసింది, బండి వైపు చూసింది, మళ్లీ మొగుడి ముఖం చూసింది. ఆమెకేదో తెలిసిపోయింది. అది నాకూ తెలియని సంగతే.

కొత్త పరుపు కుట్టడం అయ్యేదాకా వాళ్లు ఆ వాకిట్లోనే ఉన్నారు. ఓబులేసు ప్రతి పగలూ విల్లు మోతలో నామీద నిద్రపోయాడు. దబ్బనంతో ఆఖరి కుట్టు వేసి కాశింబీ దారం కొరికాక, ఈశ్వరమ్మ మాట బయటపెట్టింది.

"మేం పరుపు జరుపుతా ఉంటే నువ్వు ఇంకా మొద్దునిద్ర పోయినావు. పగలు బండి నేను తోల్తా. నువ్వు పండుకో. నేను పండుకున్నప్పుడు నువ్వు మేలుకో. నీ ఒంటికి తెలిసిన డ్యూటీ అదే గదా."

"ఇది కారు గాదుమ్మే. పెద్ద బండి."

"నీ పిల్లోళ్లను బడికి నువ్వు తోలినావా? మీయమ్మను గుండెనొప్పితో ఆసుపత్రికి నువ్వు తోలినావా? వానలో బ్రేకు సరిగా లేని కారు తోలినదాన్ని. ఘాట్‌లో స్టీరింగు తిప్పింది ఎవురు?"

ఓబులేసు బండినంతా పైనుంచి కిందికి చూశాడు, గీతలు పడిన రేకు దగ్గర ఆయన చూపు ఆగింది.

"సరే. నిద్ర గిద్ర రాదులే. ఊరికే నడుం వాలుస్తా" అన్నాడు.

"మరి ఉత్తరం తల?" అని మస్తానమ్మ కొంటెగా అడిగింది.

"పోయే బండిలో ఉత్తరమేంది, దక్షిణమేందమ్మా! మలుపుకొకటి మారుతాది" అంది ఈశ్వరమ్మ. అన్నాళ్లు నన్ను పీక్కుతిన్న ఆ దిక్కుల పట్టింపు ఇంత సులువుగా వదలగలదని నేను అనుకోలేదు.

ఓబులేసు నా సగాల్లో ఒకదాన్ని చూపించి, కిటికీ కింద సీటు మీద అది వెయ్యమన్నాడు. కాశింబీ అంచులు కోసి, పాత దుప్పటి గుడ్డతో గలీబు కుట్టి ఇచ్చింది. ఈసారి ప్లాస్టిక్ కవరు మాట ఎవరూ ఎత్తలేదు. కొత్త దూది పరుపు మెత్తగా, దర్జాగా వెనక మంచం మీదికి చేరింది. అంతలో కొడుకు ఫోను చేస్తే ఈశ్వరమ్మ సంబరంగా చెప్పింది. "పరుపు మార్చినాంరా, మీ నాయనకు నిద్ర పడతాంది!" ఆయన ఇంకా ఆ కొత్త పరుపు మీద వీపైనా ఆనించలేదు. అయినా పేరు దానికే వచ్చింది. మనుషులు తీర్పు చెప్పే తీరు అంతే.

నాలో ఒక సగం బండెక్కింది. ఇదంతా మీకు చెబుతున్న సగాన్ని నేను, కాశింబీ వాకిట్లోనే ఉన్నాను. దూది ఏకేటప్పుడు ఆమె నామీద కూర్చుంటుంది. నడుముకు ఇప్పుడు సుఖంగా ఉందంటుంది. సముద్రం ఎలా ఉంటుందో నా రెండో సగం ఈపాటికి చూసే ఉంటుంది. నేను చూడలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ పీచు పీచునా దురదగా ఉంటుంది, దక్షిణానికి తల పెట్టి వేసినా కుదురు రాదు.

వాళ్లు బయలుదేరిన పొద్దుటి సంగతి చెప్పి ఆపేస్తాను. ఈశ్వరమ్మ స్టీరింగు ముందు కూర్చుని, సీటు ముందుకు జరుపుకుని, అద్దం సరిచేసుకుంది. ఓబులేసు లోపల సీటు మీద నడుం వాల్చాడు. కిటికీలోంచి ఆయన పాదాలు కనిపిస్తున్నాయి. ఇంజను ఉరిమింది. ఆమె బండిని వెనక్కి తీసి, వేపచెట్టుకు తగలకుండా తిప్పి, రోడ్డు అంచున ఆపింది. అటూ ఇటూ చూసుకుని, ఇన్నాళ్లూ ఆయన అరిచినట్టే గట్టిగా అరిచింది.

"సిగ్నలేంది?"

లోపలినుంచి గురకే జవాబు.

ఈశ్వరమ్మ తనలో తనే, ఎవరికీ మెలకువ రానంత మెల్లగా, "క్లియర్" అనుకుని బండి కదిలించింది.