గోడకు అంటించిన గాజు

ఓవర్సీరు చెన్నయ్య మా అశోక్‌నగర్ క్వార్టర్లకు వచ్చేసరికి నారాయణగూడవీ చిక్కడపల్లివీ చూసి అలసిపోయి ఉన్నాడు. సర్కారు ఇళ్ళన్నీ ఒక్కడే చూడాలట. ప్రతి ఇంటికీ ఒక అంకె వేస్తాడు. ఒకటి వేస్తే సున్నం కొడితే చాలు. రెండు వేస్తే మరమ్మతు. మూడు వేస్తే ఖాళీ చేయించి కూలగొడతారు.

మా వంటింటి పక్క గదిలో గోడ పగిలింది. ఆ గోడకు అవతల బాలత్రిపురసుందరి కాపురం. చెన్నయ్య పగులుకు అడ్డంగా వేలెడంత గాజుపలక పెట్టి, రెండు కొసలా సిమెంటు ముద్ద అద్దాడు.

"గిది పలిగితే గోడ కదుల్తున్నట్టు. నెలకు మల్ల వస్త. చెయ్యి పెట్టకుండ్రి అమ్మా."

నేను మా తమ్ముడి కొడుకు జోగారావు దగ్గర ఉంటున్నాను. పదమూడేళ్ళ కిందట కర్నూలు నుంచి ఆఫీసులు ఇక్కడికి మారినప్పుడు, బాలత్రిపురసుందరి వాళ్ళూ మేమూ ఒకే లారీలో సామాను వేసుకుని వచ్చాం. ఈ సంవత్సరం తెలంగాణ గొడవలకు మా వరసలో నాలుగు కుటుంబాలు బెజవాడ, గుంటూరు వెళ్ళిపోయాయి. వెళ్ళగానే ఉత్తరం రాస్తామన్న వాళ్ళెవరూ రాయలేదు. మూడో అంకె పడితే బాలత్రిపురసుందరికొక పేటలో, మాకొక పేటలో ఇల్లిస్తారు. ఈ వయసులో బస్సులు మారి ఎవరింటికి ఎవరు వెళ్తాం?

రోజూ పొద్దున్నే లేచి గాజు చూసుకునేదాన్ని. పంతొమ్మిదో రోజున అది నడిమికి చీలి ఉంది.

జోగారావుకు చెప్పలేదు. వారపత్రికల్లో సీరియళ్ళు చించి కుట్టి, అట్టలు వేసుకోవడం నాకు అలవాటు. చదువు వచ్చిందే ఆ కాగితాల మీద. అట్టకు ఉడికించే మైదాలో తమలపాకుల సున్నం కలిపాను. రాళ్ళు పడిన రోజుల్లో పగిలిన కిటికీ అద్దం ముక్క ఒకటి పెరట్లో ఉంటే తెచ్చి, పాతది ఊడదీసి, దాన్ని అంటించాను. చూపుకు తేడా తెలియలేదు. ఆ తర్వాత మాత్రం అన్నం సయించలేదు.

నెల తిరిగాక చెన్నయ్య వచ్చాడు. గుమ్మంలోంచే చూశాడు. గాజు పగలకుండా ఉంది. రెండు వేసి, మంచినీళ్ళు తాగి బయలుదేరాడు. నేను అరుగు మీద కూర్చున్నాను. ఇల్లు నిలిచింది.

బాలత్రిపురసుందరి కూడా సంతోషంగా వచ్చి కూర్చుంది. కూతురు విద్యావతి పురిటికి వస్తోందనీ, గోడకు అవతలి తన గదికే కిటికీ ఉంది కాబట్టి మంచం ఈ గోడవారనే వేయించాననీ చెప్పింది.

"బాలింతకు గాలి రావాలి కదా వదినా" అంది.

చెన్నయ్య అప్పటికి వీధి మలుపు దాకా వెళ్ళాడు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి అతన్ని వెనక్కి తీసుకొచ్చాను.

"ఆ గాజు నేను పెట్టింది నాయనా. నువ్వు పెట్టింది పగిలి పదిరోజులు దాటింది."

అతను బొటనవేలితో నొక్కాడు. గాజు జారి చేతిలోకి వచ్చింది. కోప్పడతాడనుకున్నాను. మెట్టు మీద కూర్చుని కాగితం తీశాడు.

"మూడొందల ఇండ్లు చూసిన అమ్మా. పగులు మీద క్యాలెండరు తగిలించినోళ్ళే అంత. నేను గుడ్డిగ రాసుకుంట పోతున్న."

రెండు కొట్టేసి మూడు వేశాడు. గోడ ఇద్దరిదీ కాబట్టి పక్కింటికీ మూడే వేశాడు. నెలలో ఖాళీ చేయాలన్నాడు.

అతను వెళ్ళాక బాలత్రిపురసుందరి నావైపు తిరిగింది.

"నాతో ఒక్క ముక్క చెప్పకపోయావా వదినా" అంది.

వెళ్ళిపోతావని భయం, అన్నాను. ఆవిడ నావైపు చూడకుండా లేచి తన ఇంట్లోకి నడిచింది. వెనకే వెళ్ళాను. మంచానికి ఒక కొస తను పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకున్నాను. ఇద్దరం ఆయాసపడుతూ దాన్ని ఆ గోడకు దూరంగా జరిపాం.