మైనస్ ముప్పై ఎనిమిది

కిటికీ అద్దం మీది మంచును గోటితో గీకి, కుల్యాష్ బయట వేలాడుతున్న థర్మామీటర్ చూసింది. మైనస్ ముప్పై ఎనిమిది. ఆ అంకెను కంప్యూటర్లో తను తయారుచేసుకున్న పేజీలో కొట్టి, బటన్ నొక్కి, కళ్లజోడు మడిచి, బడి తలుపుల గడియలు తీయడానికి వెళ్లిపోయింది. సెలవు కబురు తల్లిదండ్రుల ఫోన్లకూ, ఫోన్లున్న పిల్లలకూ ఆ పేజీయే పంపేస్తుంది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ బడి ఆఫీసులో ఆమెది ఇదే బతుకు. గంట, హాజరు పట్టీలు, చలి రోజుల్లో సెలవు కబురు. కిందటి ఏడు దాకా ఇంటింటికీ తనే ఫోన్ చేసేది, గోడ మీది కాగితంలో ఉన్న వరుసలోనే. చలి ఇరవై ఐదు దాటితే చిన్న తరగతులకు సెలవు, ముప్పై దాటితే ఎనిమిదో తరగతి దాకా, ముప్పై ఐదు దాటితే అందరికీ. కాగితం చివరికొచ్చేసరికి గొంతు పూడుకుపోయేది. యాభై రెండేళ్ల వయసులో కుర్ర టీచర్ల మధ్య కూర్చుని జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష మొదటి పాఠాలు నేర్చుకుంది. ఆ కాగితాన్నే ‘ఇలా అయితే అలా’ అంటూ వరుసగా రాసి యంత్రానికి అప్పజెప్పింది. ఈ శీతాకాలం నిన్నటిదాకా చలి ఇరవై తొమ్మిది దాటలేదు, పేజీ ఒక్కసారీ తప్పలేదు. మొగుడు పోయాక సొంతంగా చేసుకున్నది అదొక్కటే, మరి మురిసిపోదూ!

“ఏమంటోంది నీ యంత్రం?” అన్నాడు బాయిలర్లో బొగ్గేస్తున్న జుమబాయ్.

“నేను చెప్పిందే అంటుంది. నీలాగా ఎదురు చెప్పదు.”

పిల్లలెవరూ రాలేదు. రారు కదా అనుకుంటూ టీ పోసుకుంది. ఎనిమిదిన్నరకు ఫోన్ మోగింది. రైల్వే గేటులో పనిచేసే సౌలే. ఊళ్లో అందరిలాగే ఆమె కూడా కుల్యాష్‌ను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తుంది.

“ఆపా, మా అమ్మాయి ఇంజు వచ్చిందా?”

“ఈ చలిలోనా! ఎలా పంపావే?”

“నేనెక్కడ పంపాను? రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే ఇంటికొచ్చాను. ‘చిన్న తరగతులకే సెలవని బడి మెసేజ్ వచ్చింది, నేను ఏడో తరగతి కదా, వెళ్తున్నా’ అని చీటీ పెట్టి పోయింది. ఏడింటికే పోయిందట.”

కుల్యాష్ కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. పేజీ తెరిచి చూసింది. నిజమే, ఒకటి నుంచి నాలుగు తరగతులకే సెలవట. యంత్రం పైనుంచి ఒక్కో ప్రశ్నే అడుగుతుంది. ఇరవై ఐదు దాటిందా? దాటింది. మొదటి ‘అవును’ దగ్గరే ఆగిపోయింది, కింది ప్రశ్నల మొహమైనా చూడలేదు. ఫోన్ చేసే రోజుల్లో ఆమె కాగితం చివరిదాకా వెళ్లేది. యంత్రమూ వెళ్తుందనుకుంది. ఊళ్లోవాళ్లు చలి చూసి పిల్లల్ని ఆపుకున్నారు. రైల్వే గేటు నుంచి మూడు కిలోమీటర్లు నడిచి వచ్చేది ఇంజు ఒక్కతే.

“జుమబాయ్! బండి కట్టు, పిల్ల దారిలో ఉంది!”

మంచు మీద జారే గుర్రపు స్లెడ్జి బండిలో దారి పొడవునా నల్లగా కనిపించిన ప్రతిదీ ఆమెకు పిల్లలాగే ఉంది. తుప్ప. పాత టైరు. మళ్లీ తుప్ప. “దేవుడా, నా ప్రాణం తీసుకో, దాన్ని చూపించు” అని పైకే అంటోంది. జుమబాయ్ గుర్రాన్ని అదిలించాడు.

పట్టాల పక్కన మంచు అడ్డుకునే పలకల వెనక ముడుచుకుని కూర్చుని ఉంది పిల్ల. ఒక చేతికి ఉన్ని తొడుగు ఉంది. రెండో చేయి ఒట్టిది, మైనంలా తెల్లగా పాలిపోయింది.

“తొడుగేదమ్మా? ఎందుకు తీశావు?”

“మీకు ఫోన్ చేద్దామని తీశాను ఆపా.” పెదవులు కదలక మాట ముద్దగా వచ్చింది. “మాకూ సెలవేమోనని. చలికి ఫోన్ ఆగిపోయింది. తొడుగు గాలికి పోయింది.”

బడిలో పడుకోబెట్టి కంబళ్లు కప్పారు. పదకొండింటికి అంబులెన్సు వచ్చింది. “వేళ్ల సంగతి ఇప్పుడే చెప్పలేను, నగరానికి తీసుకెళ్లాలి” అంది డాక్టరమ్మ. సౌలే కూతురితో పాటు ఎక్కింది. కుల్యాష్ వైపు ఒక్కసారీ చూడలేదు.

ఆఫీసులో కూర్చుని కుల్యాష్ వరుస తిరగేసింది. ముప్పై ఐదు పైకి, ఇరవై ఐదు అడుగుకి. రెండు నిమిషాల పని. మళ్లీ మైనస్ ముప్పై ఎనిమిది కొట్టింది. అందరికీ సెలవు, అంది పేజీ.

వేడి నీళ్ల గొట్టం మీద, ఇంజు చేతి నుంచి ఊడదీసిన ఎర్ర ఉన్ని తొడుగు ఒక్కటే ఆరుతోంది.